ఆఖరి రైలు ఎన్నింటికి?

ప్రశ్న: రెండేళ్ల పనికి లండన్, న్యూయార్క్, టోక్యోల్లో ఏదో ఒకటి ఎంచుకోమంది మా కంపెనీ. నాటకాలన్నా, సంగీతమన్నా నాకు ప్రాణం. జనం మధ్య ఇరుక్కుంటే టెన్షన్. ఒక్కదాన్నే ఉండాలి. ఏది నయమంటారు మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: వినోదానికి మూడింట్లోనూ కొదవ లేదమ్మా. నేనైతే ముందు చూసేది షో అయ్యాక ఇంటికెలా చేరతామన్నదే. టోక్యోలో అర్ధరాత్రి దాటి ఒంటిగంట లోపే రైళ్లు ఆగిపోతాయి, మళ్లీ తెల్లవారుజామునే. ఆఖరి రైలు తప్పితే టాక్సీకి జేబు ఖాళీ. న్యూయార్క్ సబ్‌వే, అంటే అక్కడి మెట్రో రైలు, 24 గంటలూ నడుస్తుంది. కాకపోతే అర్ధరాత్రి తర్వాత ఇరవై నిమిషాలైనా ప్లాట్‌ఫామ్ మీద ఎదురుచూడాల్సి రావచ్చు. ఒంటరి ఆడపిల్లకు ఆ ఇరవై నిమిషాలు చిన్నవి కావు. లండన్‌లో శుక్ర, శనివారాల్లో కొన్ని మెట్రో లైన్లలో రైళ్లు రాత్రంతా తిరుగుతాయి. మిగతా రోజుల్లో నైట్ బస్సులున్నాయి.

జనం సంగతికొస్తే, అంకెలు చూసి భయపడకండి. టోక్యో షింజుకు స్టేషన్‌లో రోజుకు 30 లక్షల మందికి పైగా రాకపోకలు సాగిస్తారు, బయటికి దారులే 200 పైచిలుకు. అయినా ఆ జనం కదులుతూనే ఉంటారు. ప్లాట్‌ఫామ్ మీద గీతల వెనక వరుసకట్టి నిలబడతారు, పెట్టెలో గొంతెత్తరు. ఉదయం రద్దీలో చాలా లైన్లలో ఆడవాళ్లకు వేరే పెట్టె ఉంటుంది. న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ కూడలిలో మాత్రం నడుస్తున్నవాళ్లు ఫొటో కోసం ఉన్నపళంగా ఆగిపోతారు, వెనకవాళ్లకు ఊపిరాడదు. మీకు టెన్షన్ తెచ్చేది ఇలాంటి జనమే.

అలాగని టోక్యోకే ఓటు వేయలేను. అక్కడి నాటకాలు దాదాపు అన్నీ జపనీస్‌లోనే. పైగా చాలా ఇళ్లకు అడ్వాన్సు కాక, యజమానికి తిరిగిరాని ‘కానుక’ సొమ్మూ కట్టాలి. న్యూయార్క్‌లోనూ ఇల్లు తేలిక కాదు: నెల అద్దెకు 40 రెట్లు మీ ఏడాది జీతం ఉండాలంటారు చాలామంది యజమానులు.

మీకు లండనే సరి. అద్దెలు అక్కడా మండిపోతాయి, అది దాచను. కానీ బ్రిటిష్ మ్యూజియం ఉచితం. 1895లో వేరే హాల్లో మొదలైన ప్రామ్స్ అనే శాస్త్రీయ సంగీత కచేరీలు ఇప్పుడు వేసవిలో ఆల్బర్ట్ హాల్‌లో వారాల తరబడి జరుగుతాయి. నిలబడి వినే టికెట్లు ఏరోజుకారోజు చవగ్గా దొరుకుతాయి. సంగీతం ప్రాణమన్నారు కదా, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇల్లు విక్టోరియా లేదా జూబిలీ లైన్ మీద వెతకండి, ఆ వారాంతపు రాత్రి రైళ్లు మొత్తం లైనంతా తిరుగుతాయి. సెంట్రల్ లైన్ వేసవిలో కొలిమే, వీలైతే వదిలేయండి.