ఎయిర్ స్కూప్ బిగించాక ఇంజిన్ సీజ్ అయింది.. కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: ఉద్యోగం వచ్చినప్పుడు నాన్న కొనిచ్చిన బైక్ నాది. ఆన్‌లైన్‌లో ఎయిర్ స్కూప్ కిట్ ప్రకటన చూశాను. ‘ఎదురుగాలిని నేరుగా ఇంజిన్‌లోకి పంపుతుంది, పవర్ 10 శాతం పెరుగుతుంది, టెస్ట్ చేసి నిరూపించాం’ అని ఉంది. కొని, తెలిసిన మెకానిక్‌తో పెట్టించుకున్నాను. అతను ఎయిర్‌బాక్స్ (ఇంజిన్‌కు వెళ్లే గాలి నిలిచే పెట్టె) మూత కోసి, కంపెనీ ఫిల్టర్ తీసేసి, కిట్‌తో వచ్చిన స్పాంజ్ ఫిల్టర్ బిగించాడు. ఏడు నెలలకు హైవే మీద ఇంజిన్ సీజ్ అయింది, అంటే బిగుసుకుపోయి ఆగిపోయింది. అంతకు ముందు రెండు వారాలుగా పికప్ ఇచ్చినప్పుడల్లా టకటకమని శబ్దం వచ్చేది. సర్వీస్ సెంటర్ వాళ్లు వారంటీ వర్తించదని కాగితం రాసిచ్చారు. కిట్ అమ్మినవాళ్లు ‘చూస్తాం’ అంటూ 14 నెలలు గడిపారు. కిట్ కొని 21 నెలలైంది. నాన్న మొహం చూడలేకపోతున్నాను. బైక్ కంపెనీ మీద కేసు వేస్తే గెలుస్తానా? కొత్త ఎయిర్‌బాక్స్ కొని బిగించి, ఏమీ తెలియనట్టు వేరే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమని స్నేహితుడు అంటున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది ‘21 నెలలు’ అన్న మాట. వినియోగదారుల రక్షణ చట్టం-2019, సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇంజిన్ ఆగిపోయిన రోజు నుంచి లెక్కపెట్టుకుని ఇంకా పది నెలలు ఉన్నాయని మీరు ధీమాగా ఉండవచ్చు. అవతలి లాయర్ అలా లెక్కపెట్టడు. ప్రకటన నమ్మి డబ్బు కట్టిన రోజే కారణం పుట్టిందని వాదిస్తాడు. ఆ లెక్కన మీకు మిగిలింది మూడు నెలలు. మీరు పంపిన మెసేజ్‌లు, వాళ్లు ఇచ్చిన ‘చూస్తాం’లు ఆ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్‌కు ఉంది. కానీ అందుకు తగిన కారణం చూపాలి. ‘వాళ్లే డబ్బు ఇస్తారేమోనని ఎదురుచూశాను’ అంటే అది తగిన కారణంగా నిలబడటం కష్టం. పద్నాలుగు నెలలు ఒక్క నోటీసు కూడా ఇవ్వకుండా కూర్చోవడం పెద్ద పొరపాటు.

ఇక బైక్ కంపెనీ సంగతి. ఆ కేసు వేయకండి. ఎయిర్‌బాక్స్ కోసి, ఫిల్టర్ మార్చాక వారంటీ అడిగితే వాళ్లకు వారంటీ షరతులు చూపిస్తే చాలు. సర్వీస్ సెంటర్ రాసిచ్చిన ఆ తిరస్కరణ కాగితాన్ని మాత్రం వెంటనే వెతికి తీయండి. అందులో ఏం రాశారో మీరు నాకు చెప్పలేదు. ‘బయటి ఇన్‌టేక్ (గాలి తీసుకునే భాగం) అమర్చడం వల్ల ఇంజిన్ దెబ్బతింది’ అన్న అర్థంలో ఒక్క వాక్యం ఉన్నా, కిట్ అమ్మినవాడి మీద మీకు దొరికిన మొదటి నిపుణుడి మాట అదే. కారణం రాయకుండా ‘వారంటీ వర్తించదు’ అని మాత్రమే ఉంటే, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని ఈ వారమే ఈమెయిల్ పెట్టండి.

మీ కేసు నిలబడేది ప్రకటనలోని ఆ మాట మీద: ‘10 శాతం పెరుగుతుంది, టెస్ట్ చేసి నిరూపించాం’. తగిన పరీక్ష లేకుండా వస్తువు పనితీరుకు గ్యారంటీ ఇవ్వడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. అందులో మీకు ఎంతో మేలు చేసే నిబంధన ఒకటి ఉంది. పరీక్ష చేశామని అమ్మినవాడు అంటే, చేసినట్టు రుజువు చేయాల్సిన భారం అతనిదే. మీది కాదు.

ఆ పరీక్ష అతను ఎలా చూపిస్తాడో ఆలోచిద్దాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలిని పూర్తిగా ఆపి పట్టుకున్నా, దానివల్ల పెరిగే ఒత్తిడి దాదాపు 470 పాస్కల్స్. మామూలు వాతావరణ పీడనం 1,01,325 పాస్కల్స్. అంటే ఒత్తిడి అర శాతం కూడా పెరగదు, పవర్ పెరిగినా దాదాపు ఆ మేరకే. 200 కిలోమీటర్ల వేగంలోనూ రెండు శాతం లోపే. ఎదురుగాలి ఒత్తిడితోనే 10 శాతం రావాలంటే బైక్ 460 కిలోమీటర్లకు పైగా వేగంతో పోవాలి. కావాసాకి జెడ్‌ఎక్స్-10ఆర్ సూపర్‌బైక్ 2021 మోడల్‌కు కంపెనీ ప్రకటించిన పవర్ 203 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ర్యామ్ ఎయిర్‌తో, అంటే ఎదురుగాలి ఒత్తిడి కలిస్తే, 213 పీఎస్. అంటే దాదాపు ఐదు శాతం. అదీ 300 కిలోమీటర్ల దగ్గర పరిగెత్తే బైక్‌కు, గాలి బయటికి పోకుండా మూసిన ఎయిర్‌బాక్స్‌తో. మీ మెకానిక్ చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మూత కోశాక లోపల ఒత్తిడి నిలవదు. పైగా ఎయిర్‌బాక్స్ పరిమాణం, దాని గొట్టం పొడవు ఇంజిన్‌కు తగ్గట్టు లెక్కగట్టి పెట్టినవి. వాటిని కోస్తే మధ్య వేగాల్లో లాగే శక్తి తగ్గవచ్చు కూడా.

అవతలివాళ్లు రెండు జవాబులు చెప్పవచ్చు. ఒకటి, ‘మా స్కూప్ చల్లటి గాలి ఇస్తుంది’ అని. ఇందులో నిజం ఉంది. లోపలికి వెళ్లే గాలి మూడు డిగ్రీలు చల్లబడితే దాని సాంద్రత దాదాపు ఒక శాతం పెరుగుతుంది. అయితే కంపెనీ ఎయిర్‌బాక్స్ లోపల, స్కూప్ లోపల ఉష్ణోగ్రతలు కొలిచిన రికార్డు చూపమని అడగాలి. రెండోది, డైనో షీట్, అంటే బైక్‌ను యంత్రం మీద కట్టి పవర్ కొలిచిన కాగితం. కదలకుండా కట్టేసిన బైక్‌కు ఎదురుగాలి ఎక్కడిది? ఫ్యాన్ పెడితే దాని వేగం ఎంత? కిట్ ముందు, తర్వాత ఒకే బైక్‌ను ఒకే గేర్‌లో నడిపారా? ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి.

ఇంతవరకు కిట్ డబ్బు, నష్టపరిహారం సంగతి. ఇంజిన్ ఖర్చు రావాలంటే మరో మెట్టు ఎక్కాలి. కిట్ వల్లే ఇంజిన్ పోయిందని చూపాల్సింది మీరే. ఇంజిన్ రెండు రకాలుగా పోయి ఉండవచ్చు. గాలి ఎక్కువై పెట్రోల్ చాలకపోతే మిశ్రమం లీన్ అయి వేడెక్కుతుంది. అప్పుడు పిస్టన్ తల కరిగిన, కాలిన గుర్తులు ఉంటాయి, స్పార్క్ ప్లగ్ తెల్లగా మారుతుంది. ఫిల్టర్ సరిగా ఆపకపోతే దుమ్ము వెళ్లి పిస్టన్, సిలిండర్ మీద నిలువు గీతలు పడతాయి, పాత ఆయిల్‌లో సిలికాన్ (దుమ్ము, ఇసుకలో ఉండే మూలకం) కనిపిస్తుంది. ఇందులో ఏది జరిగిందో మీరూ నేనూ ఊహించి చెప్పకూడదు. సెక్షన్ 38 కింద వస్తువును సీల్ చేసి ల్యాబ్‌కు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఫీజు మీరు కట్టాలి. నివేదికకు చట్టం పెట్టిన గడువు 45 రోజులు.

అందుకే మీ స్నేహితుడి సలహా అంటే నాకు భయం. కొత్త ఎయిర్‌బాక్స్ బిగించి వేరే సర్వీస్ సెంటర్‌కు వెళ్తే, మొదటి సెంటర్ రాసిచ్చిన కాగితం మీ మీదకే వస్తుంది. ఏమీ మార్చలేదని తర్వాత అఫిడవిట్‌లో రాస్తే అది తప్పుడు సాక్ష్యం, నేరం. అన్నిటికంటే ముందు, అమ్మినవాడి మీద ఉన్న భౌతిక సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే తీసి పారేసినట్టు అవుతుంది. స్కూప్, కోసిన మూత, స్పాంజ్ ఫిల్టర్ ఏవీ కదిలించకండి. ఇంజిన్ విప్పి ఉంటే పిస్టన్, ప్లగ్ కడగకుండా విడివిడిగా కవర్లలో పెట్టి తేదీ రాయండి, ఫొటోలు తీయండి.

ఆ టకటక శబ్దం సంగతి కూడా చెప్పాలి. రెండు వారాలు విని కూడా బండి నడపడం నిర్లక్ష్యమే. అవతలివాళ్లు దాన్ని పట్టుకుంటారు, పరిహారం కొంత తగ్గవచ్చు. అయినా ఫిర్యాదులో దాచకండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఇప్పుడు చేయాల్సినవి. ప్రకటన స్క్రీన్‌షాట్, చాట్, ఇన్వాయిస్ తీసి పెట్టండి. అవి ఉన్న ఫోన్ మార్చవద్దు, రీసెట్ చేయవద్దు. వాటిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి. మెకానిక్‌ను కూడా ప్రతివాదిగా చేర్చండి. తెలిసినవాడని మొహమాటపడి వదిలేస్తే, అమ్మినవాడు ‘బిగించడంలోనే తప్పు’ అని నెపం అతని మీదకు తోస్తాడు, జవాబు చెప్పడానికి అతను అక్కడ ఉండడు. ఈ వారంలోనే ఇద్దరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మినవాళ్లు ఉన్న ఊరికి వెళ్లనవసరం లేదు. జవాబు వచ్చినా రాకపోయినా 16వ రోజు ఫిర్యాదు దాఖలు చేయండి. ‘ఇంకొక్క వారం ఆగండి’ అని ఫోన్ వస్తే, ఆ మాట ఈమెయిల్‌లో రాయమనండి, ఫిర్యాదు మాత్రం ఆపవద్దు.