ఎమ్మెస్సీనా, ఎంఎడ్డా?

ప్రశ్న: మేడమ్‌గారూ, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూల్ పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతాను. బీఎస్సీ, బీఎడ్ చేశాను, 9 ఏళ్ల సర్వీసు. నా తర్వాత చేరిన అమ్మాయికి ఎమ్మెస్సీ ఉందని ఇంటర్ సెక్షన్ ఇచ్చారు, జీతమూ పెంచారు. నేనూ చదువుదామంటే ఎమ్మెస్సీనా, ఎంఎడ్డా తేలడం లేదు. ఇంట్లోవాళ్లేమో 36 ఏళ్లకు చదువేంటంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: వయసు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. నేను ఎంఎడ్‌లో చేరేటప్పటికి నాకు 38. మా పెద్దాడు తన హోంవర్క్ అయిపోగానే వచ్చి నాది అయిందా లేదా అని చూసేవాడు!

మీకు ఇంటర్ పిల్లలకు చెప్పాలని ఉంటే ఎమ్మెస్సీ తప్పదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ కావాలి, గురుకులాల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో పీజీటీ (ఇంటర్ స్థాయి టీచర్) పోస్టుకైతే పీజీతోపాటు బీఎడ్ కూడా అడుగుతారు. ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌కు మాత్రం డిగ్రీ, బీఎడ్, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) చాలు. ఎంఎడ్ దారి వేరు, అది టీచర్లను తయారుచేసే డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ), బీఎడ్ కాలేజీల వైపు తీసుకెళ్తుంది, అక్కడ కూడా సైన్స్ బోధనకు చాలాచోట్ల సబ్జెక్టులో పీజీ ఉండాల్సిందే. పైగా 2015లో ఎంఎడ్‌ను రెండేళ్లు చేశారు.

అయితే నన్ను మార్చింది ఎంఎడ్డే, అందుకు కారణం ఆ కోర్సులో చేసిన డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం). బల్బు దాటాక వైరులో కరెంటు తగ్గుతుందా అని పదో తరగతి పిల్లల్ని అడిగితే, ఓమ్స్ లా సూత్రం గడగడా చెప్పేవాళ్లు కూడా "తగ్గుతుంది మేడమ్, బల్బు కొంత వాడేస్తుంది కదా" అన్నారు. సరే అని బల్బుకు ఇటొకటి అటొకటి కరెంటు కొలిచే అమ్మీటర్లు రెండు పెట్టి చూపించాను, రెండింట్లో ఒకే రీడింగు. ఒకడు లేచి "ఒక మీటరు పాడైపోయింది మేడమ్" అన్నాడు! అప్పటిదాకా ఇలాంటి జవాబు కనిపిస్తే ఇంటు మార్కు పెట్టి పేజీ తిప్పేసేదాన్ని. వాడు ఎందుకలా అనుకుంటున్నాడని తవ్వితే తెలిసింది, ఇంట్లో మనమంతా "కరెంటు తెగ కాలుతోంది" అనేవాళ్లమే కదా. ఖర్చయ్యేది శక్తి, బిల్లులో యూనిట్లు దానివే, కరెంటు మాత్రం వచ్చినంతా తిరిగి పోతుంది. పిల్లల మాట అలా వినడం నాకు ఎమ్మెస్సీలో ఎవరూ నేర్పలేదు. ఇదే పనిగా పెట్టుకున్న సంస్థ ముంబైలో ఉంది, హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రం, అక్కడ సైన్స్ బోధనలో పీహెచ్‌డీ కూడా చేయొచ్చు.

మీ ఉత్తరంలో బాధంతా ఇంటర్ సెక్షన్ గురించే ఉంది కాబట్టి ముందు ఎమ్మెస్సీ చేయండి. ఉస్మానియాలో రెగ్యులర్‌గా అంటే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాయాలి, పగటి క్లాసులు కాబట్టి ఉద్యోగం మానుకోవాల్సి వస్తుంది. దూరవిద్య అయితే మీ సబ్జెక్టుకు యూజీసీ అనుమతి ఉందో లేదో, ప్రాక్టికల్స్ ఎక్కడ చేయిస్తారో ఫీజు కట్టకముందే కనుక్కోండి. పీజీ అయ్యాక ఇంటర్ సెక్షన్, జీతం ఇస్తామని మీ యాజమాన్యం అంటే ఆ మాట నోటితో వదిలేయకుండా కాగితం మీద రాయించుకోండి.