ఫిజీలో భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌధరీ ఏడాదికే ఎందుకు పడిపోయారు?

జాతి విద్వేషం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లతో నాకు పేచీ. ఉద్యోగరీత్యా లౌటోకాలో కొన్నేళ్లు ఉన్నాను. అక్కడ ఎవరిని కదిపినా మాట చివరికి భూమి దగ్గరికే వచ్చేది.

బా పట్టణం దగ్గర ఒక చెరకు రైతు ఇంటికి ఆదివారాలు వెళ్లేవాణ్ని. ఆయన తాత మద్రాసు రేవులో ఓడెక్కి గిర్మిట్ (ఒప్పంద) కూలీగా వచ్చిన తెలుగువాడు. ఈయనకు మాత్రం ఫిజీ హిందీయే వచ్చు. ఒక సాయంత్రం చాప మీద కూర్చుని యంగోనా (ఒక మొక్క వేరుతో చేసే పానీయం) తాగుతుంటే, లోపలికెళ్లి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కౌలు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. గడువు తేదీ మీద వేలు పెట్టి, "ఇది దాటితే మా నాన్న కట్టిన ఈ ఇల్లు కూడా మాది కాదు బాబూ" అన్నాడు. లంబాసా వైపు ఉండే వాళ్లన్న కౌలు అప్పటికే పోయింది. పైకప్పు రేకులు, తలుపులు, కిటికీలు ఊడదీసి లారీకెత్తుకుని వెళ్లిపోయాడట. గోడలు అక్కడే ఉండిపోయాయి.

ఫిజీలో 80 శాతానికి పైగా భూమి స్థానిక తెగలది. దాన్ని అమ్మడానికి వీల్లేదు, కౌలుకే ఇస్తారు. ఆ కౌళ్లు 1997 నుంచి వరసగా తీరిపోసాగాయి. అలాంటి సమయంలో, చెరకు రైతుల సంఘం నడిపి పైకొచ్చిన చౌధరీ గారు 1999లో గెలిచారు. 71 సీట్లలో లేబర్ పార్టీ ఒక్కదానికే 37. కౌలు పోయిన రైతుకు 28 వేల ఫిజీ డాలర్లు ఇస్తామన్నారు, భూముల వాడకానికి ఓ కమిషన్ పెడతామన్నారు. మన భూమి మీద చెయ్యేస్తున్నాడని భూ యజమానుల్లో అనుమానం రాజుకుంది. జార్జ్ స్పైట్ అనే వ్యాపారి దాన్నే వాడుకున్నాడు. ప్రధానిగా ప్రమాణం చేసి సరిగ్గా ఏడాది నిండిన రోజున, 2000 మే 19న, తుపాకులతో పార్లమెంటులోకి దూరి చౌధరీ గారిని 56 రోజులు బందీగా ఉంచాడు.

మన పత్రికలతో ఇదే చిరాకు. విదేశంలో ఒకరు గెలిస్తే ‘మనవాడు’ అని మొదటి పేజీలో వేస్తారు. రేకులు విప్పుకుని ఊరొదిలిన కుటుంబాల గురించి రాసేవాళ్లుండరు.

ఇంకో మాట. నన్నడిగితే ఆయన అసలు పడిపోయింది 2000లో కాదు. ఆ తర్వాత కూడా రైతులు వెంటే ఉన్నారు. 2001లో 27 సీట్లు, 2006లో 31 ఇచ్చారు. 2006 డిసెంబరులో సైన్యాధిపతి బైనిమరామా సైన్యంతో అధికారం లాక్కుంటే, 2007 జనవరిలో చౌధరీ గారు అదే ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా చేరారు. తుపాకీ దెబ్బకు రెండుసార్లు (1987లో మంత్రిగా, 2000లో ప్రధానిగా) పదవి పోగొట్టుకున్న మనిషి ఆ పని చేయడం నేను ఇప్పటికీ క్షమించలేను. 2008లో బయటికొచ్చేశారు కానీ లాభం లేకపోయింది. 2014, 2018, 2022 ఎన్నికల్లో లేబర్ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. 2001లో వానలో నిలబడి మరీ ఆయన పార్టీకి ఓటేసిన బా రైతు, ఆ పేరెత్తితే ఇప్పుడు చెరకు రేటు గురించి మాట్లాడతాడు.