చారలకు విటమిన్ ఎ క్రీమ్ రాయొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది ఆదోని. తొలి కాన్పు అయి ఐదు నెలలైంది, బిడ్డకు నా పాలే పడుతున్నా. పొట్ట మీదా తొడల మీదా వంకాయ రంగు చారలు పడ్డాయి. అత్తమ్మ చెప్పారని రోజూ నువ్వుల నూనె రాస్తున్నా, ఏం తగ్గలేదు. మా ఆడపడుచు తనకు నెలలోనే పోయాయని చెప్పి తన ట్యూబు ఇచ్చింది. దాని మీద ట్రెటినాయిన్ 0.05 శాతం అని ఉంది. రాసుకోవచ్చా? చీర కట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ట్రెటినాయిన్ అంటే విటమిన్ ఎ జాతి మందే. చర్మం గుండా రక్తంలోకి వెళ్లేది తక్కువే గానీ, పాలు తాగే బిడ్డ మీ పొట్టకు ఆనుకునే పడుకుంటుంది కదా, ఆ క్రీమ్ బిడ్డ ఒంటికీ, చేతులకూ, అక్కడి నుంచి నోటికీ అంటుతుంది. పాలు మాన్పించాక చూద్దాం. మళ్లీ నెల తప్పినా, పిల్లలు కావాలనుకుంటున్నా దీని జోలికి వెళ్లకూడదు. ఈ జాతి మందులు మాత్రలుగా మింగితే కడుపులో బిడ్డకు అవకరాలు వస్తాయి, అందుకే గర్భిణులకు క్రీమ్ కూడా వద్దంటాం.

ఇక పనిచేస్తుందా అంటే, కొంత చేస్తుంది. ఈ చారలు పైచర్మం పగిలితే వచ్చినవి కావు, లోపలి పొరలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు తెగి పడినవి. నూనె అంత లోపలికి పోదు, దురద తగ్గి చర్మం మెత్తబడుతుంది, ఆ హాయి కోసం రాసుకోండి, అత్తమ్మ మాట కాదనక్కర్లేదు. ట్రెటినాయిన్ కొత్త కొల్లాజెన్ పుట్టేలా చేస్తుంది, అదీ చార ఎర్రగానో ఊదాగానో ఉన్నప్పుడు. 1996లో అమెరికాలో 0.1 శాతం క్రీమ్ ఆరు నెలలు రాయించి చూస్తే కొత్త చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. అంతే, మాయం కాలేదు. తెల్లబడిన పాత చారల మీద దీని ప్రభావం బాగా తక్కువ. పాలు మాన్పించేసరికి మీవీ తెల్లబడతాయేమో అని మీకు దిగులు రావచ్చు, కానీ రంగు దానంతటదే తగ్గి అప్పటికి చార సగం కనపడదు, మిగిలినదానికి లేజర్, సన్నని సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్ ఉన్నాయి.

తర్వాత డాక్టర్ రాసిస్తే మాత్రం రాత్రిపూట, ఒళ్లు కడుక్కుని పూర్తిగా తడి ఆరాక, పల్చగా, మొదట్లో రోజు మార్చి రోజు. మంట, పొట్టు లేవడం మామూలే, ఎక్కువైతే ఆపండి. మన ఆదోని ఎండలకు చీరలో నడుము కనిపించే చోట సన్‌స్క్రీన్ లేకుండా తిరిగితే చర్మం కమిలిపోతుంది. ఆ ట్యూబు మీద ట్రెటినాయిన్‌తో పాటు మొమెటాసోన్, హైడ్రోక్వినోన్ అని కూడా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ముఖం నలుపుకు అమ్మే ఆ మూడు మందుల కలయికలో మొమెటాసోన్ స్టెరాయిడ్, స్టెరాయిడే చారలు తెస్తుంది. అలాంటిదైతే మీ ఆడపడుచును కూడా మానేయమనండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, ప్రొద్దుటూరు. గజ్జల్లో తామరకు మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ చాలా నెలలు రాశాను. దురద పోయి మళ్లీ వస్తోంది, ఇప్పుడు అక్కడ ఎర్రటి వెడల్పు చారలు. విటమిన్ ఎ క్రీమ్ రాయనా?

జవాబు: వద్దు బాబూ. నీ చారలు చాలావరకు ఆ క్రీమ్‌తో వచ్చినవే అనిపిస్తోంది. షాపుల్లో ఇచ్చే తామర క్రీముల్లో చాలావాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది దురదను అణిచేసి చర్మాన్ని పల్చబరుస్తుంది, తామర మాత్రం లోలోపల పాకుతూనే ఉంటుంది. గజ్జల్లో చర్మం అసలే పల్చన, దాని మీద ట్రెటినాయిన్ పడితే మంటకు నడవలేవు. సిగ్గుపడి ఇంకో ట్యూబు కొనుక్కోకుండా చర్మవ్యాధుల ఓపీకి వెళ్లు, వాడిన ట్యూబు, ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్లి చూపించు. ముందు తామర పూర్తిగా తగ్గాలి, చారల సంగతి ఆ తర్వాత.