బోయర్ యుద్ధ కాలపు సీసపు సైనికుల బొమ్మలకు అద్దాల బీరువాలో తెల్లపొడి ఎందుకు పడుతుంది?

చాలాసార్లు దానికి కారణం బొమ్మ కాదు, దాన్ని దాచిన బీరువా చెక్క. 1899–1902 బోయర్ యుద్ధం (దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వారికీ, డచ్ సంతతి బోయర్లకూ మధ్య జరిగింది) నాటి ఖాకీ సైనికుల పాత బొమ్మలు ఎక్కువగా సీసం మిశ్రమంతో పోతపోసినవి. బ్రిటన్స్ అనే బొమ్మల సంస్థ 1893 నుంచి చేసిన లోపల బోలుగా ఉండే బొమ్మలూ అంతే. ఓక్, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసే పలక) లాంటి చెక్కల నుంచి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి (వెనిగర్‌లో ఉండేదే) నెమ్మదిగా వస్తుంటుంది. మూసిన బీరువాలో అది పేరుకుని సీసాన్ని తింటుంది. ఆ తర్వాత గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ కలిసి దాన్ని తెల్లటి సీసం కార్బొనేట్‌గా మారుస్తాయి. ఆ క్రమంలో ఆమ్లం మళ్ళీ విడుదలవుతుంది కాబట్టి కొద్దిపాటి ఆవిరి చాలు, పని సాగుతూనే ఉంటుంది. రంగు వేయని పీఠం అడుగున ఆ పొడి ముందుగా కనిపిస్తుంది.

ఉదాహరణకు, పూర్వం తెల్లరంగు తయారీకి సీసపు రేకుల్ని వెనిగర్ కుండలపై పెట్టి, పేడలో కప్పి నెలల తరబడి ఉంచేవారు. బీరువాలో తెలియకుండా జరిగేదీ అదే.

ఇది ఒక బొమ్మ నుంచి ఇంకోదానికి అంటుకునే తెగులని చాలామంది అనుకుంటారు. కాదు, అన్నీ ఒకే గాలిలో ఉన్నాయి, అంతే. తెగులు సోకినదాన్ని వేరుచేసి, మిగతావాటిని అదే చెక్కలో ఉంచితే లాభం లేదు. లోహం, గాజుతో చేసిన పెట్టెలోకి మార్చాలి. వెనిగర్‌తో తుడవడమైతే చేజేతులా చెడగొట్టుకోవడమే. ఆ పొడి విషం, చేతులకు గ్లవ్స్ ఉండాల్సిందే.