జీవవైవిధ్యానికి ఏది ఎక్కువ ముప్పు: వాతావరణ మార్పా, బయటి జాతులా?

రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమని అడిగారు. లాంటానా అనే పొద అలా బయటి దేశం నుంచి వచ్చి మన అడవుల్ని కమ్మేసిన జాతే. కొన్నేళ్లుగా అడవిలో ఆ పొదలు తీసే వాలంటీర్లతో పనిచేస్తున్నాను. నేను చూసినంతవరకు వీటిని విడివిడిగా లెక్కేయడం కుదరదు.

లాంటానాను పైపైన నరికితే మళ్లీ చిగురు వేస్తుంది. అందుకే వేరుమొదలు కింద కోసి, మొక్కను తలకిందులుగా పడేస్తాం. అంతవరకు ఒళ్లు వంచితే అయ్యే పనే. అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఖాళీ అయిన చోట స్థానిక గడ్డి నిలవాలంటే వాన సమయానికి పడాలి. తొలకరి తర్వాత వాన మొహం చాటేస్తే గడ్డి మొలకలు మాడిపోతాయి. పిట్టలు తిని వేసిన లాంటానా గింజలు మాత్రం మట్టిలో ఓపికగా ఉండి, తర్వాతి వానకు లేస్తాయి. నిప్పు పడితే ఇంకా ఘోరం. ఎండిన పొదలు మంటను చెట్ల కొమ్మల దాకా ఎక్కిస్తాయి. అంతా కాలాక ముందుగా చిగురించేది మళ్లీ లాంటానాయే. గడ్డి లేని చోట జింకలకు మేత ఏముంటుంది?

హవాయి పిట్టల సంగతి చదివాక నాకు ఈ విషయం ఇంకా బాగా అర్థమైంది. ఒకప్పుడు ఆ దీవుల్లో దోమలే లేవు. 1826 ప్రాంతంలో ఓడల్లో వచ్చాయి. తర్వాత అవే పక్షుల మలేరియాను మోశాయి. పల్లపు అడవుల్లో హనీక్రీపర్ అనే స్థానిక పిట్టలు రాలిపోయాయి, కొండల మీదివి మిగిలాయి. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే దోమలో మలేరియా క్రిమి ఎదగదు కాబట్టి ఆ చలే వాటిని కాపాడింది. ఇప్పుడు కొండలూ వేడెక్కుతున్నాయి, దోమలు పైకి పాకుతున్నాయి. పిట్టలు ఇంకా పైకి పోదామంటే కొండ అయిపోయింది. 2023లో అమెరికా అంతరించాయని ప్రకటించిన 21 జాతుల్లో 8 హవాయి పక్షులే.

అదే ఏడాది జీవవైవిధ్యంపై దేశాలన్నీ కలిసి పెట్టుకున్న శాస్త్రీయ వేదిక ఐపీబీఈఎస్ ఇచ్చిన నివేదిక ప్రకారం, నమోదైన జాతుల విలుప్తాల్లో 60 శాతానికి బయటి జాతులు ఒక ముఖ్య కారణం. అవి ఒక్కటే కారణమైనవి 16 శాతం. ఆ 60 శాతంలో మిగతా వాటికి ఇంకేదో తోడైంది.

కాబట్టి వేడి తగ్గేదాకా ఆగుదాం అనుకోకండి. హవాయిలోని మావి దీవిలో, దోమల సంతతి పెరగకుండా చేసే వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఉన్న మగ దోమల్ని వదులుతున్నారు. మీ దగ్గర కలుపు తీసే పని ఉంటే, తీసిన చోటే స్థానిక గడ్డి గింజలు చల్లండి. వాన తప్పిన ఏడాది మళ్లీ చల్లాల్సి వస్తుంది, గింజలు కొన్ని దాచిపెట్టుకోండి.