పార్క్‌లాండ్ గోల్ఫ్ కోర్సుల్లో కనిపించే చెట్లన్నీ మొదటి డిజైన్‌లోవేనా?

కాదు, పాత పార్క్‌లాండ్ కోర్సుల్లో చాలావాటిలో ఇప్పుడు దట్టంగా కనిపించే చెట్లు కోర్సు కట్టిన కొన్ని దశాబ్దాల తర్వాత నాటినవే. సముద్రతీరం కాకుండా లోపలి ప్రాంతాల్లో, పచ్చిక బాగా పెరిగే నేలలో వేసినవాటిని పార్క్‌లాండ్ కోర్సులంటారు. అలాంటివి చాలావరకు వ్యవసాయ భూముల్లో వచ్చాయి కాబట్టి మొదట్లో బాగా ఖాళీగా ఉండేవి, ఆట కష్టమంతా బంకర్లు (ఇసుక గుంటలు), నేల వాలు, గ్రీన్ల (బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) వంపుల మీదే ఆధారపడేది. తర్వాత అందం కోసమూ, పక్కపక్క ఫెయిర్‌వేలను (బంతి ఆడే గడ్డి దారులను) విడదీయడానికీ క్లబ్బులు చెట్లు పెంచాయి. అవి ఎదిగాక నీడ వల్ల గడ్డి దెబ్బతింది, బంతిని ఏ వైపు నుంచి ఆడాలో ఎంచుకునే వీలూ తగ్గింది, నా దృష్టిలో అసలు నష్టం అదే.

అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గరున్న ఓక్‌మాంట్‌నే చూడండి. 1903లో హెన్రీ ఫౌన్స్ దాన్ని బహిరంగ మైదానంలాగే రూపొందించాడు. 20వ శతాబ్దం మధ్యలో అక్కడ వేల చెట్లు నాటారు, 1990ల నుంచి మళ్లీ వేల సంఖ్యలో తీసేశారు.

చెట్లు కొట్టేస్తే కోర్సు తేలికైపోతుందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. వేల చెట్లు తీసేశాక కూడా 2007 యూఎస్ ఓపెన్‌లో అక్కడ గెలిచిన ఏంజెల్ కాబ్రెరా స్కోరు పార్ (మంచి ఆటగాడికి పట్టాల్సిన దెబ్బల సంఖ్య) కంటే 5 ఎక్కువ, గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచి స్కోరు.